మధ్యాహ్నపు చీకటిలో ఓడ

సూరత్తునకు దక్షిణముననున్న సచిన్‌లో డిసెంబరు చలి గట్టిది కాదు. సంవత్సరములో అతి చిన్న దినమున కూడ అచ్చట పదిన్నర గంటలకు పైగా వెలుగుండును. వర్షాకాలపు అలలు అణగి సముద్రము నెమ్మదించును. 1791లో ఆ సంస్థానమును పొందిన సిద్దీ నవాబులు జంజీరా నావికాధిపతుల వంశీయులు గనుక ఆ యూరికి సముద్రము క్రొత్తది కాదు. 2020 నవంబరు 8న సమీపముననున్న హజీరా నుండి ఘోఘాకు ఓడ ప్రారంభమై, 370 కిలోమీటర్ల రోడ్డు దారి 90 కిలోమీటర్ల నీటిదారియైనది. అయినను ఖంభాత్ సింధుశాఖలో పెద్ద పోటు వచ్చినప్పుడు నీరు పది మీటర్లకు పైగా లేచును.

నెమ్మదిగా కనబడు శీతకాలపు సముద్రమును నమ్మవచ్చునా? అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును చదువువారికి ఈ ప్రశ్న తెలిసినదే. ఉపవాసదినము గడచెను; పౌలు హెచ్చరించెను; శతాధిపతి ఓడ యజమానుని మాటనే నమ్మెను. దక్షిణపు గాలి మెల్లగా వీచగానే తాము కోరినది దొరికెనని వారు తలంచిరి. ఓడలోని 276 మందిని అపాయములోనికి దింపినది తుపానుకంటె ముందు ఆ మెల్లని గాలియే.

ఉత్తర నార్వే తీరవాసులకు ఈ భయము పందొమ్మిదవ శతాబ్దాంతము వరకు నుండెను. ట్రొండ్‌హైమ్‌లో వేసిన జాబు హామర్‌ఫెస్ట్‌కు వేసవిలో మూడు వారములకు, చలికాలమున అయిదు నెలలకు చేరెడిది. తల్లి జబ్బుపడెనని వ్రాసిన జాబును కుమారుడు చదువునాటికి ఆమె ఉన్నదో లేదో! ఏడాది పొడవున ఓడ నడుపుడని కోరగా పెద్ద కంపెనీలు వెనుదీసినవి. వారిని నిందింప పనిలేదు. ట్రొండ్‌హైమ్‌కు ఉత్తరమున దీపస్తంభములు 28 మాత్రమే. నీటి అడుగున బండలు లెక్కలేనన్ని.

రిచర్డ్ విత్ అను నావికుడు ఒప్పుకొనెను. అతడును, దారి చూపు అండర్స్ హోల్టేయు అంతకుముందే దిక్సూచి చూపిన దిశను, ఓడ వేగమును, ఒక మలుపు నుండి మరియొక మలుపునకు పట్టిన సమయమును వ్రాసికొనుచు వచ్చిరి. ఆ వేగముతో అన్ని నిమిషములు నడచిన పిమ్మట ఏ దిశకు తిరుగవలెనో పుస్తకము చెప్పును, కన్ను చూడనక్కరలేదు. 1893 జూలై 2న బయలుదేరిన 'వెస్టెరాలెన్' ఓడ 67 గంటలలో హామర్‌ఫెస్ట్ చేరెను. అయితే జూలైలో అచ్చట రాత్రియే లేదు. పుస్తకమునకు అసలు పరీక్ష చలికాలమునదే. ఆ కాలమున ఓడ మొదట ట్రోమ్‌సో వరకే పోయినను, చీకటిలోనే పోయెను.

నేడు ఈ మార్గము బెర్గెన్ నుండి కిర్కెనెస్ వరకు 34 రేవులను తాకుచున్నది. డిసెంబరులో హామర్‌ఫెస్ట్ వద్ద సూర్యుడు ఉదయింపడు. నవంబరు మూడవ వారము మొదలు జనవరి మూడవ వారము వరకు అంతే. పగటివేళ కొన్ని గంటలు మంచుకొండలపై నీలపు వెలుగు నిలుచును. మధ్యాహ్నమున దక్షిణపు అంచు ఎర్రబారి మరల మాయమగును. అట్లాంటిక్ నుండి వచ్చు వెచ్చని ప్రవాహము వలన రేవు గడ్డకట్టదు. దీవుల చాటున నీరు కదలక యుండును. ప్రయాణికులు మాటలాడుట మాని కిటికీల యొద్ద కూర్చుందురు. ఓడ చిన్న రేవున కొద్దిసేపు నిలిచి, పెట్టెలు దింపి, ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకొని, మధ్యాహ్నము రెండు గంటలకే దీపములు వెలిగియున్న ఇండ్లను దాటి సాగిపోవును.