కథ లేకపోయినా ఊఁ కొట్టే కేబుల్

ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. పోయిన సెమిస్టర్‌లో "ల్యాబ్ స్విచ్‌లో ట్రిపుల్ ఈ ఆపేయండి" అని క్లాస్ గ్రూపులో మెసేజ్ పెట్టింది నేనే. కంగారు పడకండి, పక్క బ్లాకులో ఉన్న ట్రిపుల్ ఈ బ్రాంచ్ గురించి కాదు. ఇది ఎనర్జీ ఎఫిషియెంట్ ఈథర్‌నెట్.

మినీ ప్రాజెక్టులో రెండు పీసీల మధ్య ఫైళ్లు పంపుతుంటే మధ్యలో లింక్ పడిపోయేది. నెట్‌లో వెతికితే ఎక్కడ చూసినా ఒకటే సలహా: ట్రిపుల్ ఈ ఆఫ్ చెయ్యి. చేశాను. పనిలో పనిగా కేబుల్ కూడా మార్చాను. లింక్ నిలబడింది. "దొంగ దొరికాడు" అని గ్రూపులో పెట్టాను. మర్నాటికి ఎవరో 24 పోర్టుల్లోనూ ఆపేశారు. ల్యాబ్ అసిస్టెంట్ సర్ నన్ను పిలిచి, "రెండూ ఒకేసారి మార్చావు కదా బాబూ, ఏది పని చేసిందో నీకెలా తెలుసు?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. అప్పుడు కూర్చుని చదివాను.

చిన్నప్పుడు అమ్మమ్మ కథ చెప్తుంటే ఊఁ కొట్టేవాళ్లం కదా. ఊఁ ఆగితే నిద్రపోయామని ఆవిడ కథ ఆపేసేది. పాత 10 మెగాబిట్ ఈథర్‌నెట్ ఖాళీగా ఉన్నప్పుడు, సుమారు 16 మిల్లీసెకన్లకోసారి ఒక చిన్న పల్స్ పంపి ఊరుకునేది. 100 మెగాబిట్, గిగాబిట్ వచ్చాక అలా కుదరలేదు. డేటా ఏమీ లేకపోయినా రెండు వైపులా ఐడిల్ సింబల్స్ ఆపకుండా పంపుకుంటూనే ఉంటాయి. అంటే కథ లేకపోయినా తెల్లవార్లూ ఊఁ కొట్టడమే! గిగాబిట్‌లో అయితే నాలుగు జతల తీగలూ, రెండు దిక్కులా. మనం ల్యాబ్‌కి తాళం వేసి వెళ్లినా, పీసీలు ఆన్‌లో ఉంటే ఆ కరెంటు కాలుతూనే ఉంటుంది.

2010లో ఐఈఈఈ ఆమోదించిన 802.3ఏజెడ్ ప్రమాణం దీనికే వచ్చింది. పంపడానికి ఏమీ లేనప్పుడు లింక్ 'లో పవర్ ఐడిల్' అనే స్థితిలోకి వెళ్తుంది. గిగాబిట్‌లో దాదాపు 20 మిల్లీసెకన్ల మౌనం, తర్వాత ఒక చిన్న రిఫ్రెష్ సిగ్నల్, మళ్లీ మౌనం. అవతలివాడి టైమింగ్ తప్పిపోకుండా ఆ రిఫ్రెష్ కాపాడుతుంది. లింక్ తెగినట్టు కాదు, పోర్టు లైటు వెలుగుతూనే ఉంటుంది. అయితే రెండు చివర్లకీ ఈ ఫీచర్ ఉండాలి. ఆటో నెగోషియేషన్‌లోనే అడిగి తెలుసుకుంటాయి. ఒకదానికి లేకపోతే మామూలు లింకే.

నాకు బాగా నచ్చింది ఇక్కడి లెక్క. గిగాబిట్‌లో నిద్రలోకి జారడానికి సుమారు 182 మైక్రోసెకన్లు, లేవడానికి 16.5. 1500 బైట్ల ప్యాకెట్ పంపడానికి పట్టేది 12 మాత్రమే! ఇప్పుడు ప్రతి 100 మైక్రోసెకన్లకు ఒక ప్యాకెట్ వస్తోందనుకోండి. లింక్ వాడకం 12 శాతమే, కానీ నిద్ర పట్టేలోపే ఎవరో ఒకరు తలుపు కొడుతుంటారు. మిగిలేది దాదాపు సున్నా. అవే ప్యాకెట్లను కాసేపు ఆపి గుంపుగా పంపితే మధ్యలో నిజంగా నిద్ర దొరుకుతుంది. దీన్నే ప్యాకెట్ కోలెసింగ్ అంటారు. కాకపోతే ఆ ఆగిన సేపు ఆలస్యం మనం భరించాలి.

అందుకే ఆపాల్సిన చోట్లూ ఉన్నాయి. నెట్‌వర్క్ మీద ఆడియో పంపే డాంటే సిస్టమ్‌లో గడియారాలు చాలా కచ్చితంగా కలవాలి. దాన్ని తయారుచేసేవాళ్లే ట్రిపుల్ ఈ ఆపమంటారు. మన ఫైల్ కాపీకి 16.5 మైక్రోసెకన్లు ఏ మూలకి!

పొదుపు ఎంత అంటే, ఒక్కో పోర్టుకి ఒక వాట్ కూడా ఉండదు. నిజం చెప్పాలంటే హాస్టల్లో ఖాళీ రూములో తిరిగే ఒక్క ఫ్యాన్ మన 24 పోర్టుల పొదుపునీ మింగేస్తుంది. ఫ్యాన్ అయితే మనిషి వెళ్లి ఆపాలి, ఇది తనంతట తానే ఆగుతుంది. నేను ఆన్‌లో ఉంచడానికే ఓటు వేస్తాను.

తర్వాత సర్ ముందే, ఒక్కసారికి ఒక్కటే మార్చి చూశాను. కొత్త కేబుల్, ట్రిపుల్ ఈ ఆన్: రాత్రంతా ఫైళ్లు పంపినా లింక్ పడలేదు. పాత కేబుల్, ట్రిపుల్ ఈ ఆఫ్: పది నిమిషాల్లో పడిపోయింది. ఆ కేబుల్ క్రింప్ చేసింది ఎవరో కాదు, నేనే. ఒక తీగ కనెక్టర్ చివరిదాకా వెళ్లలేదు.

24 పోర్టుల్లో మళ్లీ ఆన్ చేసి గ్రూపులో రెండో మెసేజ్ పెట్టాను. మొదటి దానికి 30 లైకులు వచ్చాయి, దీనికి రెండు. అందులో ఒకటి సర్‌ది.