రొమ్ము క్యాన్సర్: ఒకే వ్యాధి, వేర్వేరు ఫలితాలు

క్యాన్సర్‌ను తెలుగువారు పూర్వం రాచపుండు అనేవారు. పేరులో రాచరికం ఉన్నా, ఆ వ్యాధి భారం అందరిపైనా సమానంగా పడదు. అమెరికన్ క్యాన్సర్ సొసైటీ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం, ఈ దేశపు నల్లజాతి స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ వచ్చే రేటు శ్వేతజాతి స్త్రీలలో కంటే సుమారు 5 శాతం తక్కువ. మరణాల రేటు మాత్రం 38 శాతం ఎక్కువ. వ్యాధి తక్కువగా వచ్చేవారిలో మరణాలు ఎక్కువగా ఉండటానికి కారణమేమిటి?

1980కి ముందు, తరువాత

ఈ వ్యత్యాసం అనాదిగా ఉన్నది కాదు. 1980 ప్రాంతం వరకు ఈ రెండు వర్గాల స్త్రీలలోనూ మరణాల రేటు ఇంచుమించు ఒకటే. షికాగో నగరపు లెక్కలు దీనికి స్పష్టమైన ఉదాహరణ. 1980లో అక్కడ రెండు రేట్లూ సమానంగా ఉండగా, 2003 నాటికి నల్లజాతి స్త్రీల మరణాల రేటు 68 శాతం ఎక్కువైంది. పాతికేళ్ళలోపు ఒక జనసమూహపు జన్యువులు మారిపోవు. ఆ కాలంలో మారింది వైద్యం.

ఆ మార్పులో ఒక తెలుగువాడి పాత్ర కూడా ఉంది. భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో లెడర్లే పరిశోధనశాలకు నాయకత్వం వహించిన కాలంలో, అనగా 1940 దశకంలో, మెథోట్రెక్సేట్ రూపొందింది. కణ విభజనకు అవసరమైన ఫోలిక్ ఆమ్లం పనిని అడ్డగించే మందు ఇది. శస్త్రచికిత్స తరువాత మెథోట్రెక్సేట్‌ను మరి రెండు మందులతో కలిపి ఇస్తే రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం తగ్గుతుందని ఇటలీలో బొనడోనా బృందం 1976లో ప్రకటించింది. 1977లో టామాక్సిఫెన్‌కు అమెరికాలో అనుమతి లభించింది. ఆపై మామోగ్రామ్ పరీక్షలు వ్యాపించాయి. మందులేని రోజుల్లో అందరిదీ ఒకటే గతి. మందు వచ్చిన తరువాతనే అందినవారికీ అందనివారికీ మధ్య అంతరం ఏర్పడింది.

కణితి స్వభావం

రొమ్ము క్యాన్సర్ కణాలలో అధిక భాగానికి ఈస్ట్రోజెన్ గ్రాహకాలు ఉంటాయి. హార్మోను ఈ గ్రాహకంలో, తాళంకప్పలో తాళంచెవి వలె, ఇమిడి కణాన్ని వృద్ధి చెందమని ప్రేరేపిస్తుంది. టామాక్సిఫెన్ అణువు ముందుగా ఆ స్థానాన్ని ఆక్రమించి హార్మోనుకు చోటు లేకుండా చేస్తుంది. అయితే కొన్ని కణితులలో ఈస్ట్రోజెన్ గ్రాహకం గాని, ప్రొజెస్టెరోన్ గ్రాహకం గాని, హెర్-2 అనే ప్రోటీను ఆధిక్యం గాని ఉండవు. వీటిని ట్రిపుల్ నెగెటివ్ కణితులు అంటారు. గురి పెట్టడానికి గ్రాహకమే లేనప్పుడు టామాక్సిఫెన్ వంటి మందు నిష్ప్రయోజనం. వ్యాధి బయటపడిన శ్వేతజాతి స్త్రీలలో సుమారు పదిమందిలో ఒకరికి ఈ రకం కనిపిస్తే, నల్లజాతి స్త్రీలలో సుమారు ఐదుగురిలో ఒకరికి కనిపిస్తున్నది.

వ్యత్యాసానికి ఇది ఒక కారణమే గాని, ఇదే సమస్తం కాదు. మంచి మందులున్న గ్రాహక సహిత కణితులలో కూడా నల్లజాతి స్త్రీల మనుగడ తక్కువగానే ఉంది. ఒకే చికిత్సా ప్రణాళిక అమలు చేసిన ప్రయోగాలలో సైతం ఈ తేడా పూర్తిగా మాయం కాలేదు. అందువల్ల శరీరధర్మమా, సమాజమా అని ఒకదానినే ఎంచుకోవడం పొరపాటు.

చేరువలో లేని చికిత్స

మామోగ్రామ్ తీయించుకోవడంతో పని పూర్తి కాదు. ఆ చిత్రాన్ని అనుభవజ్ఞుడు చదవాలి. అనుమానం కలిగితే వెంటనే ముక్క పరీక్ష జరగాలి. ఆపై శస్త్రచికిత్స, మందులు సకాలంలో అందాలి. టామాక్సిఫెన్‌ను సాధారణంగా ఐదేళ్ళపాటు ప్రతిదినం వాడాలి. ఈ గొలుసులో ఏ లంకె తెగినా ఫలితం దెబ్బతింటుంది. భీమా లేకపోవడం, దూరప్రయాణం, పనిమానితే కూలి పోవడం, వైద్యునిపై అపనమ్మకం ఆ లంకెలను తెంచుతాయి.

తెగిన లంకెను అతకవచ్చునని చూపినది న్యూయార్క్‌లోని హార్లెం ఆసుపత్రి. 1964–1986 మధ్య అక్కడ చికిత్స పొందిన 606 మంది రొమ్ము క్యాన్సర్ రోగులలో దాదాపు సగం మంది మూడవ, నాల్గవ దశలలో వచ్చారు. ఐదేళ్ళు జీవించినవారు 39 శాతమే. శస్త్రవైద్యుడు హెరాల్డ్ ఫ్రీమన్ 1979లో ఉచిత పరీక్షా కేంద్రాలను, 1990లో రోగికి దారి చూపే సహాయకుల పద్ధతిని ప్రారంభించాడు. భీమా పత్రాలు మొదలుకొని వైద్యుని అపాయింట్‌మెంట్ వరకు ఆ సహాయకులు రోగి వెంట ఉంటారు. 1995–2000 మధ్య వచ్చిన 325 మందిలో ముదిరిన దశలవారు 21 శాతానికి తగ్గారు. ఐదేళ్ళ మనుగడ 70 శాతానికి పెరిగింది. ఈలోగా మందులు కూడా మెరుగైన మాట నిజమే. కాని రోగులు తొలిదశలోనే రావడం మందుల వల్ల జరిగినది కాదు.

తెలుగు కుటుంబాలకు

అమెరికా గణాంకాలలో భారతీయ స్త్రీలు తరచు ఆసియా వర్గంలో కలిసిపోతారు. ఆ వర్గపు సగటు మరణాల రేటు తక్కువ కనుక మనకు భయం లేదనుకోవడం సరికాదు. సగటు వెనుక అనేక దేశాలవారు దాగి ఉన్నారు. పైగా ఇటీవలి సంవత్సరాలలో రొమ్ము క్యాన్సర్ రేటు అతివేగంగా పెరుగుతున్న వర్గాలలో ఆసియా స్త్రీలది ఒకటి. భారతదేశంలో సైతం స్త్రీలకు వచ్చే క్యాన్సర్లలో నేడు ఇదే ప్రథమస్థానంలో ఉంది. అక్కడ అధికులు వ్యాధి ముదిరాకనే వైద్యుని వద్దకు వస్తున్నారు.

కూతురి పురుటికి వచ్చిన తల్లి గడ్డ ఉన్నదని చెప్పడానికి సిగ్గుపడవచ్చు. పిల్లలకు ఖర్చు పెట్టించడం ఇష్టంలేక దాచనూవచ్చు. గ్రీన్ కార్డుతో వచ్చిన వృద్ధులు సైతం సాధారణంగా ఐదేళ్ళు ఇక్కడ నివసిస్తేగాని మెడికేర్‌లో చేరలేరు. కనుక ఇంట్లో ఎవరో ఒకరు హార్లెం సహాయకుని పాత్ర వహించవలసి ఉంటుంది. 40 నుంచి 74 ఏళ్ళవరకు రెండేళ్ళకొకసారి మామోగ్రామ్ అవసరమని అమెరికా నివారణ సేవల కార్యదళం 2024లో సూచించింది. తల్లి, అక్కచెల్లెళ్ళలో ఈ వ్యాధి ఉన్నవారు అంతకు ముందే వైద్యుని సంప్రదించాలి. చేతికి గడ్డ తగిలితే వయసుతో నిమిత్తం లేకుండా చూపించుకోవాలి.

పెర్ల్ రివర్ పరిశోధనశాలకూ హార్లెం ఆసుపత్రికీ దూరం సుమారు 20 మైళ్ళు. సుబ్బారావు బృందం సాధించిన మందు ఆ దూరం దాటి రోగిని సకాలంలో చేరడానికి రసాయనశాస్త్రం ఒక్కటే చాలలేదు. దారి చూపే మనిషి కూడా కావలసివచ్చింది.