గల్ఫ్‌లో మీరు, ఫలక్‌నుమాలో కారు: నంబర్ ప్లేట్ పోతే ఏం చేయాలి?

హైదరాబాద్‌లోని ఫలక్‌నుమా, జహనుమా, వట్టేపల్లి గల్లీల్లో కవరు కప్పి నిలిపిన కార్లు కనిపిస్తుంటాయి. యజమాని రియాద్‌లోనో దోహాలోనో డ్యూటీలో ఉంటాడు. ఇక్కడ బండిని తమ్ముడో బావమరిదో అప్పుడప్పుడు తీస్తుంటాడు. ఒకరోజు ఫోనొస్తుంది: "అన్నా, వెనక ప్లేటు కనబడ్తలేదు."

ఇందులో వింతేమీ లేదు. 2020 అక్టోబరు వరదల్లో ఫలక్‌నుమా దగ్గరి అల్ జుబైల్ కాలనీ నీట మునిగింది. అలాంటి నీళ్లలో చిక్కిన బండికి ప్లేటు ఊడిపోవచ్చు. 2024 ఏప్రిల్ 16న దుబాయ్, షార్జాలను ముంచెత్తిన వానలోనూ ఎందరో ప్లేట్లు పోగొట్టుకున్నారు. వాన లేకున్నా, వెనక నుంచి ఒక ఆటో తగిలితే చాలు.

అప్పుడు చాలామంది నేరుగా రేడియం దుకాణానికి వెళ్లి, గంటలో ఒక ప్లేటు చేయించుకుని వస్తారు. దయచేసి ఆ పని చేయకండి. ప్లేటు పోయిందంటే మీ బండి నంబరు ఎవరి చేతిలోనో ఉండొచ్చు. దాన్ని ఇంకో బండికి బిగిస్తే చలాన్లు మీ పేరు మీదే వస్తాయి. ఆ బండితో నేరం జరిగితే పోలీసులు ముందుగా వచ్చేది మీ ఇంటికే. పోలీసులు అడిగినప్పుడు బండి నడిపిందెవరో చెప్పాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ ప్రకారం యజమానిదే. అందుకే కొత్త ప్లేటు కన్నా ముందు చేతిలో ఉండాల్సింది తేదీ, స్టేషన్ ముద్ర ఉన్న ఫిర్యాదు కాగితం.

మొదటి పని: ఫిర్యాదు

మీరు రావాల్సిన పని లేదు. సంతకం చేసిన లేఖను, పాస్‌పోర్ట్, ఆర్సీ కాపీలను ఇంటికి పంపండి. వాటితో ఇంట్లోవాళ్లు దగ్గరి పోలీస్ స్టేషన్‌కు వెళ్లాలి. లేఖ ఇలా ఉంటే సరిపోతుంది:

"నా పేరు మీదున్న ఫలానా నంబరు, ఫలానా రంగు కారు వెనక నంబర్ ప్లేట్ ఫలానా తేదీ ఉదయం నుంచి కనిపించడం లేదు. ముందు రోజు రాత్రి ఇంటి దగ్గర చివరిసారి చూశాం. ఉద్యోగరీత్యా నేను విదేశంలో ఉన్నందున నా తమ్ముడి ద్వారా ఈ ఫిర్యాదు పంపుతున్నాను. ఆ ప్లేటును ఎవరైనా దుర్వినియోగం చేసే అవకాశం ఉంది కాబట్టి దీన్ని నమోదు చేసి రసీదు ఇప్పించగలరు."

పోయిందో, దొంగిలించారో మీకు తెలిసినంతే రాయండి. తెలియనిది కల్పించకండి. రసీదు ఫొటోను వాట్సాప్‌లో తెప్పించుకుని దాచుకోండి.

రెండో పని: అసలైన ప్లేటు

2019 ఏప్రిల్ 1 నుంచి తయారైన బండ్లన్నిటికీ హై సెక్యూరిటీ ప్లేటు తప్పనిసరి. అల్యూమినియం రేకు మీద ఎడమవైపు అశోకచక్రం హోలోగ్రామ్, దాని కింద నీలి రంగులో దేశం పేరు, లేజర్‌తో చెక్కిన సీరియల్ నంబరు ఉంటాయి. ముందు ప్లేటు సీరియల్ వేరు, వెనక ప్లేటు సీరియల్ వేరు. రెండూ ప్రభుత్వ 'వాహన్' రికార్డులో మీ బండికి ముడిపడి ఉంటాయి. అచ్చం అలాగే కనిపించే ప్లేటును దుకాణంలో చేయించినా, ఆ సీరియల్ రికార్డులో ఉండదు.

కాబట్టి మీ కారు కంపెనీ డీలరు ద్వారానో, అనుమతి ఉన్న తయారీదారు ఆన్‌లైన్ బుకింగ్ ద్వారానో మాత్రమే ఆర్డర్ ఇవ్వండి. బుకింగ్ మీరు రియాద్‌లో కూర్చునే చేయొచ్చు. అందులో పోయిన ప్లేటుకు బదులు తీసుకునే విభాగం ఎంచుకోండి. బండి నంబరు, ఛాసిస్, ఇంజిన్ నంబర్లు, ఆర్సీ, ఫిర్యాదు కాపీ సిద్ధంగా పెట్టుకోండి.

బిగించే రోజు ఇంట్లోవాళ్లు రెండు విషయాలు చూడాలి. ఒకటి, స్నాప్ లాక్‌తో బిగించారా? మామూలు స్క్రూలు ఒప్పుకోవద్దు. రెండు, ముందు అద్దం మీది స్టిక్కర్. అందులో రెండు ప్లేట్ల సీరియల్ నంబర్లూ ఉంటాయి కాబట్టి ప్లేటు మారితే స్టిక్కర్ కూడా మారాలి.

మీది ఏపీ లేదా టీఎస్ నంబరైతే అదే నంబరుతో ప్లేటు వస్తుంది. 2024 మార్చిలో వచ్చిన టీజీ కోడ్ కొత్త రిజిస్ట్రేషన్లకే. "టీజీకి మార్పిస్తా" అని ఏజెంటు డబ్బులడిగితే ఇవ్వకండి. ఒక్క ప్లేటు పోయినా, కొత్తది వచ్చేదాకా బండి రోడ్డెక్కించొద్దు. ఇంటికొచ్చి బిగించే సదుపాయం ఉందేమో బుకింగ్‌లోనే చూడండి.

గల్ఫ్‌లో మీరు నడిపే బండి ప్లేటు పోతే

హౌస్ డ్రైవర్‌గానో కంపెనీ డ్రైవర్‌గానో పనిచేసేవాళ్లకు ఇది మరీ ముఖ్యం. బండి కఫీల్ (స్పాన్సర్)ది లేదా కంపెనీది. కొత్త ప్లేటు తీసుకునే బాధ్యతా వాళ్లదే. సౌదీలో మురూర్ (ట్రాఫిక్ విభాగం)లో గానీ అబ్షర్ (ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ)లో గానీ పని జరగాల్సింది బండి ఎవరి పేరున ఉందో వాళ్ల తరఫున. మీ వంతు పని వెంటనే చెప్పడం. నోటితో చెప్పి ఊరుకోకండి. ప్లేటు లేని బండి ఫొటో తీసి, చోటు, సమయం రాసి, ఆ రోజే వాట్సాప్‌లో కఫీల్‌కో సూపర్‌వైజర్‌కో పంపండి. రేపు జరిమానా వచ్చి మీ జీతంలో కోస్తామంటే మీకు అండగా నిలిచేది ఆ మెసేజే. ప్లేటు లేకుండానే నడపమంటే, ఆ మాట కూడా రాసి పంపమని మర్యాదగా అడగండి. కారు మీ సొంతమైతే అక్కడి ట్రాఫిక్ పోలీసులకు ముందు మీరే రిపోర్టు చేయాలి.

ఈసారి సెలవుకు వచ్చినప్పుడు

ఆర్సీ రికార్డులో ఉన్న మొబైల్ నంబరు చూసుకోండి. గల్ఫ్‌కు వెళ్లాక రీచార్జి లేక ఆగిపోయిన పాత సిమ్ అయితే, ఓటీపీలు, చలాన్ మెసేజ్‌లు ఏవీ మీకు చేరవు. పనిచేసే నంబరు నమోదు చేయించండి. ఆర్సీని డిజిలాకర్‌లోకి తెచ్చుకోండి. ముందు, వెనక ప్లేట్లను లేజర్ సీరియల్ కనిపించేలా దగ్గరగా ఫొటో తీసి ఇంట్లో ఒకరికి పంపండి.

ఆ తర్వాత నెలకోసారి తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో మీ నంబరు కొట్టి చూడండి. చలాన్ ఉంటే దానితో వచ్చే ఫొటోలో బండి రంగు, మోడల్ మీదేనా అని పరిశీలించండి. మీది కాకపోతే డబ్బు కట్టి వదిలేయకండి. కడితే తప్పు మీదేనని ఒప్పుకున్నట్టవుతుంది. పాత ఫిర్యాదు రసీదు జతచేసి ట్రాఫిక్ పోలీసులకు అభ్యంతరం పంపండి. రసీదు మీద చలాన్ కన్నా ముందు తేదీ ఉంటే, మీ వాదనకు అంతకన్నా బలమైన ఆధారం ఉండదు.