నీలం పంపు ఒక్కటే చాలదురా

హిందూపురం

చిన్నోడా,

నిన్న అమ్మ ఫోన్ చేసి చెప్పింది. రాత్రి షిఫ్టులో మళ్లీ ఆయాసం వచ్చిందట, బాత్రూమ్‌లోకి వెళ్లి నీలం పంపు కొట్టుకుని తెల్లారేదాకా మిషన్ దగ్గరే నిలబడ్డావట. నాకెందుకు చెప్పలేదురా? తిడతాననేగా? తిడతాను మరి. నర్సు ఉద్యోగం చేసే అక్కకి దాచాల్సిన సంగతా ఇది!

అయినా చాటుగా కొట్టుకోవడం ఎందుకు? నువ్వున్న బెంగళూరులోనే డాక్టర్ పరమేశ్ గారు ఆసుపత్రికి వచ్చిన పిల్లల్ని ఏళ్ల తరబడి చూసి లెక్క తీస్తే, ఆస్తమా ఉన్నవాళ్లు 1979లో 9 శాతం, 1999కి 29.5 శాతం. ఆ ఊళ్లో నువ్వొక్కడివే కాదు నాయనా.

చిన్నప్పుడు వేరుశనక్కాయలు కొట్టే రోజుల్లో దుమ్ము పడక, నులక మంచం పట్టె మీద మోకాళ్లకు చేతులు ఆనించి కూర్చునేవాడివి. గొంతు కింద గుంట లోపలికి లాగేది. పిల్లికూతలు వసారాలోకి వినపడేవి. అది చూసినదాన్ని కాబట్టి, "నాకు కొంచెమే అక్కా" అని నువ్వంటే నాకు ధైర్యం రాదు. ఆ కొంచెం ఉన్నవాళ్లకీ ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది.

నీలం పంపులో ఉన్నది సాల్బుటమాల్. ఊపిరి గొట్టాల చుట్టూ బిగిసిన కండరాన్ని వదులు చేస్తుంది, నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. నాలుగైదు గంటలకు దాని పని అయిపోతుంది. లోపలి వాపు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. వాపు తగ్గించేది బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్. దాన్ని రోజూ పీల్చి, నీలం పంపుని అవసరానికి దగ్గర పెట్టుకోవడం పాత పద్ధతి. మంచి పద్ధతే, రోజూ పీల్చేవాళ్లకి. నువ్వు పీలుస్తావా? వారం బాగుంటే అది అటక ఎక్కుతుంది. కోప్పడటం లేదురా, చాలామంది అంతే.

అందుకే నీకు రెండు మందులూ కలిసిన పంపు గురించి డాక్టర్ని అడగమంటున్నాను. బ్యుడెసొనైడ్, ఫార్మోటెరాల్ కలిసినది. ఫార్మోటెరాల్ కూడా నిమిషాల్లోనే పని మొదలుపెడుతుంది, పన్నెండు గంటలు ఉంటుంది. ఆయాసం వచ్చి కొట్టుకున్న ప్రతిసారీ వాపు మందు కూడా లోపలికి పోతుంది. 2018లో సిగ్మా అని రెండు పెద్ద పరీక్షలు వచ్చాయి. అవసరానికి ఈ కలిపిన పంపు వాడినవాళ్లలో, ఉపశమనం మందొక్కటే వాడినవాళ్లకంటే, తీవ్రమైన దాడులు 64 శాతం తగ్గాయి. రోజూ స్టెరాయిడ్ పీల్చేవాళ్లతో పోల్చినా దాడులు దాదాపు సమానమే, స్టెరాయిడ్ మాత్రం నాలుగో వంతు. రోజువారీ దగ్గు, ఆయాసం అదుపులో ఉండటంలో రోజూ పీల్చేదే కాస్త మెరుగు, అదీ చెప్పాలి. 2019 నుంచి ఆస్తమా వైద్యానికి ప్రపంచమంతా చూసే గీనా మార్గదర్శకాలు పెద్దవాళ్లెవరికీ నీలం పంపు ఒక్కటే ఇవ్వొద్దంటున్నాయి.

అలాగని మెడికల్ షాపులో ఏదో ఒక కలిపిన పంపు అడిగి తెచ్చుకునేవు! సాల్మెటెరాల్ ఉన్నది నిదానంగా పనిచేస్తుంది, ఆయాసం వచ్చినప్పుడు పనికిరాదు. రోజుకి ఎన్నిసార్లు మించకూడదో చీటీ మీద రాయించుకో. స్టెరాయిడ్ అంటే అమ్మ భయపడుతుంది. పీల్చేది మైక్రోగ్రాముల్లోనేనని చెప్పు. దాడి వచ్చాక మింగించే మాత్రల్లో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. పంపు ఊపి, ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలు బిగించి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కు. పది అంకెలు లెక్కపెట్టేదాకా బిగబట్టు. తర్వాత నోరు పుక్కిలించి ఊసెయ్, లేకపోతే నాలుక మీద తెల్లగా పూస్తుంది.

పెద్దమ్మ మృగశిర కార్తెకి హైదరాబాద్ చేప మందుకి తీసుకెళ్తానంటోంది. ఆమె మనసు నొప్పించకు. పంపు మాత్రం మానకు.

ఇంకొకటి. మీ షెడ్డులో కూలెంట్ పొగమంచులా లేస్తుందన్నావు, పక్క షెడ్డులో పెయింట్ స్ప్రే కొడతారన్నావు. ఆ పెయింట్లలో కొన్నిటిలో ఉండే ఐసోసయనేట్లు ఆస్తమానే తెచ్చిపెడతాయి. ఆదివారం ఇంట్లో తేలికగా ఉండి సోమవారం మళ్లీ బిగిస్తోందా? గమనించు, డాక్టర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పు. మీ షెడ్డున్న పీణ్యలోనే ఈఎస్ఐ ఆసుపత్రి ఉంది, కార్డు బీరువాలో పెట్టుకోవడానికా? అక్కడ తేలకపోతే నిమ్హాన్స్ దగ్గర రాజీవ్ గాంధీ ఛాతీ వ్యాధుల సంస్థ ఉంది. మాట పూర్తి చేయలేనంత ఆయాసం వస్తే మాత్రం షిఫ్టు, సూపర్‌వైజర్ అని చూడకుండా ఎవరినైనా పిలిచి ఆసుపత్రికి పరుగెత్తు.

ఈ ఏడాది ఎన్ని నీలం పంపులు ఖాళీ చేశావో లెక్కపెట్టు. మూడైనా, అంతకు మించినా అది ప్రమాదపు గుర్తే. వచ్చే వారం నీకు పగలు ఖాళీ ఎప్పుడో చెప్పు, పొద్దున బస్సుకే వస్తాను, ఇద్దరం కలిసి డాక్టర్ దగ్గరికి వెళ్దాం.

మీ అక్క