కంప్యూటర్ లేని కంప్యూటర్ కంపెనీ

సాఫ్ట్‌వేర్ కంపెనీ అనగానే మనకు అద్దాల మేడలు గుర్తుకొస్తాయి. కానీ 1981లో పుణెలో ఇన్ఫోసిస్ మొదలైనప్పుడు దానికి సొంత కంప్యూటరే లేదు. ఎన్.ఆర్. నారాయణమూర్తి, మరో ఆరుగురు ఇంజనీర్లు కలిసి దాన్ని స్థాపించారు. పెట్టుబడి 10,000 రూపాయలు. అది ఆయన భార్య సుధామూర్తి తన సంపాదనలోంచి దాచిన సొమ్ము.

ఆ రోజుల్లో విదేశాల నుండి కంప్యూటర్ తెప్పించుకోవాలంటే ప్రభుత్వ లైసెన్సు కావాలి. అందుకోసం ఢిల్లీకి ఎన్నోసార్లు తిరిగారు. టెలిఫోను రావడానికే ఏడాది పట్టిందట! మరి పని ఎలా చేశారు? అమెరికా వెళ్ళి, తమకు పని ఇచ్చిన వారి కంప్యూటర్ల మీదే ప్రోగ్రాములు రాశారు. న్యూయార్క్‌లోని డేటా బేసిక్స్ వారి మొదటి ఖాతాదారు. 1983లో కంపెనీ బెంగళూరుకు మారింది.

1990లో కంపెనీని 10 లక్షల డాలర్లకు కొంటామని ఒకరు ముందుకొచ్చారు. భాగస్వాములు అమ్మేద్దామనుకున్నారు. మూర్తి మాత్రం, మీ వాటాలన్నీ నేనే కొంటానన్నారు. నిజానికి ఆయన చేతిలో అంత డబ్బు లేదు! ఆ మాటతో అందరూ ఆగిపోయారు.

1991లో ప్రభుత్వ ఆర్థిక విధానాలు మారడంతో లైసెన్సుల బెడద తగ్గింది. 1993లో 95 రూపాయలకు వాటా అమ్మితే ప్రజలు పూర్తిగా కొనలేదు. 1999లో అదే కంపెనీ అమెరికాలోని నాస్‌డాక్‌లో చేరింది. భారతదేశంలో రిజిస్టరైన కంపెనీల్లో అక్కడికి మొదట చేరింది అదే.