పెళ్ళి జాకెట్టుకు ముందు వీపుకు బలం

ప్రధానం అయిపోయి, పెళ్ళి తేదీ పెట్టుకున్న ఆడపిల్లలు కొందరు మా ఓపీలో మెల్లగా ఒక మాట అడుగుతుంటారు. "సిస్టర్, ఇరవై అయిదు కిలోలు తగ్గాను. ముఖం, నడుము సన్నబడ్డాయి. వీపు పైభాగం మాత్రం వదులుగా ఉంది. జాకెట్టు వేసుకుంటే చంకల వెనుక మడతలు పడుతున్నాయి. పెళ్ళిలోగా తగ్గుతుందా?" అని. అడిగేవారు కొందరే. అడగడానికి సిగ్గుపడి, ఇంట్లో తిండి మానేసేవారు ఎక్కువ. అందుకే ఈ పాఠం.

ముందుగా ఒక ప్రశ్న

బరువు మీరు తగ్గించుకున్నారా, దానంతట అదే తగ్గిందా? ఏ ప్రయత్నమూ లేకుండా బరువు తగ్గితే సంతోషించవద్దు. క్షయ, షుగరు, థైరాయిడ్ వంటి జబ్బులలో అలా జరుగుతుంది. సాయంత్రం జ్వరం, మానని దగ్గు, అతిదాహం, గుండెదడ ఉంటే వ్యాయామం సంగతి తరువాత, ముందు డాక్టరుగారికి చూపించుకోండి.

వీపు మీద కనిపించేది ఏమిటి?

అక్కడ మూడు విషయాలు కలిసి ఉంటాయి.

మొదటిది చర్మం. ఏళ్ళ తరబడి సాగిన చర్మంలో దానిని బిగువుగా ఉంచే నారలు బలహీనపడతాయి. లోపలి కొవ్వు కరిగాక చర్మం ఖాళీ సంచిలా వదులుగా మిగులుతుంది. వయసు ఎక్కువైనకొద్దీ, తగ్గిన బరువు ఎక్కువైనకొద్దీ ఇది ఎక్కువ. దీనిని వ్యాయామం బిగించలేదు. నూనెలు, క్రీములు, బెల్టులు కూడా బిగించలేవు.

రెండవది మిగిలిన కొవ్వు. వీపుకు వ్యాయామం చేస్తే వీపు కొవ్వే కరుగుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. కొవ్వు ఎక్కడ ముందు కరగాలో శరీరమే నిర్ణయించుకుంటుంది.

మూడవది కండ. బరువు తగ్గేటప్పుడు కొవ్వుతో పాటు కొంత కండ కూడా పోతుంది. తిండి బాగా తగ్గించినవారికి ఇంకా ఎక్కువ పోతుంది. పైగా లావుగా ఉన్న రోజుల్లో భుజాలు ముందుకు వంచి నడిచే అలవాటు బరువు తగ్గినా పోదు.

ఈ మూడింటిలో మూడు నెలల్లో మన చేతిలో ఉన్నది మూడవదే. భుజాల వెనుక రెక్కల్లా ఉండే ఎముకల మధ్య కండ బలపడితే భుజాలు వెనక్కి వస్తాయి, మెడ నిటారుగా నిలుస్తుంది, వీపుకు ఆకారం వస్తుంది. మడతలు పూర్తిగా పోవు గాని, నిలబడినప్పుడు తక్కువగా కనిపిస్తాయి.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష చేసుకోండి. గోడకు వీపు ఆనించి నిలబడండి. గడ్డం పైకెత్తకుండా తల వెనుక భాగం గోడకు తగలకపోతే వీపు పైభాగం ముందుకు వంగిందని తెలుసుకోండి.

వారానికి మూడు రోజులు, పన్నెండు వారాలు

సోమ, బుధ, శుక్రవారాలు పెట్టుకోండి. మధ్య రోజుల్లో నడక చాలు. ముందుగా అయిదు నిమిషాలు చేతులు గుండ్రంగా తిప్పి ఒళ్ళు వేడెక్కించండి.

1. గోడకు వీపు ఆనించి నిలబడండి. మోచేతులు వంచి భుజాల ఎత్తులో గోడకు ఆనించండి. చేతులను గోడ మీదుగా నెమ్మదిగా పైకి జరిపి, కిందికి దించండి. 10 సార్లు.

2. స్టూలు మీద నిటారుగా కూర్చోండి. వీపు మధ్యలో ఒక పెన్సిలు పట్టుకున్నట్టు రెండు రెక్క ఎముకలనూ దగ్గరకు చేర్చండి. భుజాలు చెవుల వైపు లేవకూడదు. 5 అంకెలు లెక్కపెట్టి వదలండి. 10 సార్లు.

3. ఎడమ చేయి కుర్చీ మీద ఆనించి, వీపు తిన్నగా ఉంచి ముందుకు వంగండి. కుడి చేత్తో లీటరు నీళ్ళ సీసా పట్టుకుని, మోచేతిని నడుము వైపు లాగండి. నెమ్మదిగా దించండి. ఒక్కో చేతికి 10 నుంచి 12 సార్లు. తేలికైపోతే రెండు లీటర్ల సీసా తీసుకోండి.

4. చాప మీద బోర్లా పడుకుని, చేతులు పక్కన ఉంచండి. చూపు నేల వైపే ఉంచి ఛాతీని కొద్దిగా పైకి లేపండి. 3 అంకెలు లెక్కపెట్టి దించండి. 8 సార్లు.

5. గోడకు ఒక అడుగున్నర దూరంలో నిలబడి, అరచేతులు గోడకు ఆనించి, మోచేతులు వంచి ముందుకు వాలి మళ్ళీ వెనక్కి రండి. 10 సార్లు.

ఇది ఒక వరస. మొదటి రెండు వారాలు రెండు వరసలు, తరువాత మూడు వరసలు చేయండి. ఊపిరి బిగపట్టవద్దు. ఒకటి రెండు రోజులు కండలు నొప్పిగా ఉండడం సహజం. పొడిచినట్టు నొప్పి, చేతుల్లో తిమ్మిరి, ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే ఆపి ఆస్పత్రికి రండి. బరువు తగ్గే ఆపరేషను చేయించుకున్నవారు, హెర్నియా ఉన్నవారు సర్జనుగారి అనుమతి లేకుండా మొదలుపెట్టవద్దు.

మొదటి నెలలో బలం తెలుస్తుంది. ఆకారంలో తేడా రెండు మూడు నెలలకు గాని కనిపించదు. అందుకే పెళ్ళికి పది రోజుల ముందు మొదలుపెట్టి లాభం లేదు.

తిండి మానితే కండ రాదు

కండకు మాంసకృత్తులు కావాలి. పెద్దవారికి రోజుకు కిలో బరువుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అంటే 60 కిలోల అమ్మాయికి సుమారు 50 గ్రాములు. రెండు గుడ్లు, రెండు గ్లాసుల పాలు లేక పెరుగు, ఒక పెద్ద కప్పు పప్పు, అరచేయంత చేప లేక కోడి ముక్క తింటే ఇంచుమించు సరిపోతుంది. మాంసం తిననివారు శనగలు, పెసలు, మీల్‌మేకర్ పెంచుకోవచ్చు. ఆపరేషను అయినవారికి ఇంకా ఎక్కువ అవసరం కావచ్చు. కిడ్నీ జబ్బు ఉన్నవారు డాక్టరుగారిని అడగాలి.

చివరి నెలలో ఒక్క పూట తిని ఉండే అమ్మాయిలను మేము చూస్తుంటాం. అప్పుడు కొవ్వుతో పాటు వీపుకు కావలసిన కండ కూడా పోతుంది. వేగంగా బరువు తగ్గితే పిత్తాశయంలో రాళ్ళు రావచ్చు. రెండు మూడు నెలలకు జుట్టు రాలవచ్చు. రక్తం తక్కువగా ఉండి, తినకుండా పెళ్ళిలో గంటల తరబడి నిలబడితే కళ్ళు తిరిగి పడిపోవచ్చు. పెళ్ళికి ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. పేరు లేని కొవ్వు కరిగించే పొడులు, ఇంజెక్షన్లు దగ్గరకు రానివ్వవద్దు.

పెళ్ళి తరువాతి మాట

ఇది చెప్పకపోతే పాఠం సగమే. బరువు తగ్గాక చాలామందికి గర్భం తొందరగా నిలుస్తుంది. కాని బరువు తగ్గే ఆపరేషను అయినవారు 12 నుంచి 18 నెలలు గర్భం ఆపుకోవాలని వైద్యులు చెబుతారు. ఆ సమయంలో తల్లికే పోషణ చాలదు. కొన్ని ఆపరేషన్ల తరువాత గర్భనిరోధక మాత్రలు శరీరానికి సరిగా పట్టకపోవచ్చు, వేరే పద్ధతి అడిగి తెలుసుకోండి. సెమాగ్లుటైడ్ వాడుతున్నవారు గర్భానికి కనీసం రెండు నెలల ముందే దానిని ఆపాలి. ఈ సంగతి పెళ్ళికొడుకుకు కూడా తెలియాలి. దాచవలసిన విషయం కాదు.

చర్మం, జాకెట్టు

మడతల్లో చెమట నిలిస్తే ఒరుపు, దురద వస్తాయి. కడిగి, మెత్తని బట్టతో తుడిచి, పూర్తిగా ఆరనివ్వండి. దురదకు మందుల షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన క్రీములు రాయవద్దు. జబ్బు ముదిరిపోతుంది.

జాకెట్టు చివరి కొలతలు పెళ్ళికి రెండు వారాల ముందు ఇవ్వండి. బిగుతు జాకెట్టు వీపును సన్నగా చూపదు, మడతలనే పెంచుతుంది. చంక దగ్గర కాస్త వదులు, వీపు మెడ కాస్త ఎత్తు పెట్టమనండి.

వదులు చర్మానికి ఆపరేషను ఉంది. బరువు కనీసం ఆరు నెలలు నిలకడగా ఉన్నాక గాని దాని గురించి ఆలోచించకూడదు. పొడవైన మచ్చ మిగులుతుంది, మానడానికి సమయం పడుతుంది. పెళ్ళి తొందరలో చేయించుకునేది కాదు.

ఇంట్లోవారికి

అమ్మలకు, పిన్నులకు, అత్తలకు ఒక మనవి. "ఇంత తగ్గావు, వీపు తగ్గలేదేమే?" అనకండి. ఆ వదులు చర్మం తప్పు కాదు, బద్ధకం కాదు. పాతిక కిలోల బరువు దించుకున్న శరీరం మీద మిగిలిన గుర్తు. ఆ మాట బదులు ఉదయాన్నే రెండు గుడ్లు ఉడకబెట్టి పెట్టండి. వ్యాయామం చేసే అరగంట ఆమెకు ఇంటిపని చెప్పకండి.