నానమ్మ బిందెలో ఎన్ని జౌళ్లు?

ఫ్రెండ్స్, ముందే చెప్తున్నా, నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగులో తప్పులుంటే కొంచెం సర్దుకోండి.

వేసవి సెలవులకి ఊరెళ్తే మా బాబాయి కొడుకు పుస్తకం పట్టుకుని వచ్చాడు. తొమ్మిదో తరగతి, తెలుగు మీడియం. "అన్నయ్యా, డాబా మీద రాయి ఊరికే పడుంది కదా. దానికి కూడా శక్తి ఉంటుందని రాశారు. ఎక్కణ్ణుంచి వచ్చింది?" అన్నాడు.

నేను టక్కున "ఎం జి హెచ్" అన్నాను.

"అది ఫార్ములా. నేనడిగింది అది కాదు."

ఇంటర్‌లో ఆ ఫార్ములాతో ఎన్ని బిట్లు చేశానో లెక్కలేదు. అయినా నోట మాట రాలేదు. సిగ్గేసింది.

అప్పుడే నానమ్మ నీళ్ల బిందెతో మెట్లెక్కుతోంది. సాయంత్రం డాబా మీద నీళ్లు చల్లకపోతే రాత్రి అక్కడ పడుకోలేం. మా మాటలు విని, "ఊరికే ఎలా ఉంటుందిరా? ఎవరో ఒకరు మొయ్యందే పైకెలా వస్తుంది?" అని విసుక్కుంది.

జవాబు అదే!

భూమి బిందెని ఎప్పుడూ కిందికి లాగుతూనే ఉంటుంది. ఆ లాగుడుకి ఎదురు వెళ్లి పైకి మోస్తే మనం పని చేసినట్టు. ఆ పని ఎక్కడికీ పోదు. బిందెకీ భూమికీ మధ్య దాగి ఉంటుంది. బిందె జారిపడితే వేగంగా మారి బయటికొస్తుంది. తమ్ముడి పుస్తకంలో దీని పేరు స్థితిజ శక్తి. అంటే, ఉన్న స్థితి వల్ల పుట్టినది. కదలిక వల్ల పుడితే గతిజ శక్తి. నాకు 'పొటెన్షియల్' అన్న మాటతో ఇన్నేళ్లలో అర్థం కానిది ఈ 'జ' అన్న ఒక్క అక్షరంతో అర్థమైంది.

ఇప్పుడు లెక్క. బిందెలో 10 లీటర్ల నీళ్లు, అంటే 10 కిలోలు. డాబా ఎత్తు 3 మీటర్లు. గురుత్వ త్వరణం 9.8. మూడూ గుణిస్తే 294 జౌళ్లు. కరెంటు బిల్లులో ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. అంటే నానమ్మ 12 వేలకు పైగా బిందెలు మోస్తే నీళ్లలో చేరేది ఒక్క యూనిట్! మరి అంత ఆయాసం ఎందుకు? బిందెతో పాటు తన బరువు కూడా తనే మోస్తోంది కదా. పైగా ఒంట్లో ఖర్చయ్యే శక్తిలో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది.

తమ్ముడికి ఇంకో రెండు డౌట్లు వచ్చాయి.

మెట్ల మీద కాకుండా తాడు కట్టి లాగితే? నీళ్లకి చేరేది అదే 294. దారి ఏదైనా ఎత్తు మారలేదు.

ఎత్తుని ఎక్కణ్ణుంచి కొలవాలి? మన ఇష్టం. అర్రేకి నంబర్లు 0 నుంచి ఇచ్చినా 1 నుంచి ఇచ్చినా రెండు ఎలిమెంట్ల మధ్య దూరం మారదు కదా, ఇదీ అంతే. ఎత్తుల మధ్య తేడానే ముఖ్యం. ఒక్క జాగ్రత్త: ఈ ఫార్ములా నేలకి దగ్గర్లోనే పనిచేస్తుంది. చాలా పైకి వెళ్తే భూమి లాగుడు తగ్గిపోతుంది.

ఇదే బిందెని పెద్దది చేస్తే శ్రీశైలం. అక్కడ పూర్తి నీటిమట్టం 885 అడుగులు. దిగువన నాగార్జునసాగర్‌ది 590. రెండూ నిండినప్పుడు తేడా 295 అడుగులు, సుమారు 90 మీటర్లు. వెయ్యి లీటర్లు అంత ఎత్తు దిగితే 8,82,000 జౌళ్లు, దాదాపు పావు యూనిట్. నష్టాలేవీ లేకపోయినా ఒక యూనిట్‌కి నాలుగు వేల లీటర్లు పైనే కావాలి. ఎడమ గట్టు కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 ఉన్నాయి. వాటిని తిరగేసి నడిపి, మిగులు కరెంటుతో నీళ్లని మళ్లీ పైకి తోడొచ్చు.

"మరి అన్ని నీళ్లు ముందు పైకి ఎవరు మోశారు?" అన్నాడు తమ్ముడు. ఈసారి తడుముకోలేదు. ఎండకి సముద్రం నీళ్లు ఆవిరై పైకెక్కాయి, పడమటి కనుమల్లో వానై కురిశాయి. మోసింది సూర్యుడు.

ఆ సాయంత్రం మిగిలిన ఆరు బిందెలూ మేమిద్దరమే మోశాం. మొత్తం 1,764 జౌళ్లు. నా నడుము మాత్రం ఆ లెక్క ఒప్పుకోలేదు.